గోధుమరంగు పుంజులు

గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే ఆ హేచరీలో ఆవిణ్ణి అందరూ బల్బక్క అనేవారు. రెండు వందల వాట్ల బల్బు కింద, నుదుటికి జానెడు దూరంలో వేడి కొడుతుంటే, పంతొమ్మిదేళ్ళు అదే ఎత్తుపీట మీద కూర్చున్న మనిషి. అప్పుడే గుడ్డులోంచి బయటపడ్డ కోడిపిల్లను పట్టుకుని, అది పెట్టో పుంజో చెప్పడం ఆవిడ పని.

వినడానికి తేలిక. పుట్టిన రోజున పెట్టకీ పుంజుకీ పైకి ఏ తేడా ఉండదు. పిల్లను ఎడమచేతిలో తిరగేసి పట్టుకోవాలి, పొట్ట మీద బొటనవేలితో చిన్నగా నొక్కాలి. దాని కడుపులో ఉన్న పచ్చటి జిగురు బయటకు చిమ్ముతుంది. అది డబ్బాలో పడితే అదృష్టం, లేకపోతే ముంజేతి మీద, అప్పుడప్పుడు పెదవి మీద. ఆ తరువాత వెనక రంధ్రాన్ని రెండు వేళ్ళతో విప్పి చూడాలి. లోపల గుండుసూది తలంత మిట్ట కనిపిస్తే పుంజు. కనిపించకపోతే పెట్ట. బల్బక్క గంటకు తొమ్మిది వందల పిల్లల్ని చూసేది. వందలో ఒకటి తప్పితే ఆ రోజంతా మొహం మాడ్చుకుని ఉండేది.

పెట్టలు కుడివైపు ట్రేలోకి, పుంజులు ఎడమవైపు గొట్టంలోకి. ఆ గొట్టం కింద నీలిరంగు డ్రమ్ము ఉండేది. గుడ్లు పెట్టే జాతి పుంజు గుడ్డు పెట్టదు, మాంసానికి కండ పట్టదు, అంచేత దాన్ని పెంచేవాళ్ళు లేరు. డ్రమ్ము నిండాక మూత బిగించేవారు. కిందివి పైవాటి బరువుకే చచ్చిపోయేవి, పైవి కొంతసేపు అరిచేవి. మధ్యాహ్నం చేపల చెరువులవాళ్ళ బండి వచ్చి తీసుకుపోయేది. పంతొమ్మిదేళ్ళలో బల్బక్క ఆ డ్రమ్ములోకి ఒక్కసారి కూడా తొంగిచూడలేదు. పీట దిగగానే మెడ కుడివైపు తిప్పుకుని నడవడం ఆవిడకు అలవాటైపోయింది.

ఆ వాసన మాత్రం మెడ తిప్పుకుంటే పోయేది కాదు. జుట్టులో, గోళ్ళలో, పర్సు జిప్పులో కూడా చేరేది. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉండేది. ఇంటికి రాగానే అత్తగారు గుమ్మంలోనే నిలబెట్టి, "ముందు స్నానం, తరువాతే మాటలు" అనేది. బల్బక్క రెండుసార్లు సబ్బు రాసుకుని వచ్చినా, ముసలావిడ ముక్కు ఎగబీల్చి, "ఇంకా ఉంది" అనేది. ఆ మాట నిజమేనని బల్బక్కకూ తెలుసు. తన చేతివేళ్ళు అన్నంలో పెట్టబుద్ధయ్యేది కాదు. చాలా ఏళ్ళు చెంచాతోనే తింది.

పని నేర్పింది హేచరీ పెద్దాయన. ఒకప్పుడు ఆయనే ఆ బల్బు కింద కూర్చుని, ఒక్కడే వెయ్యి పిల్లల్ని చూసి, సైకిలు మీద ఊరూరా తిరిగి అమ్మినవాడు. తరువాత షెడ్లు పెరిగాయి, యంత్రాలు పెరిగాయి, ఆయనకు చక్కెర జబ్బు పెరిగింది. పెత్తనం అల్లుడి చేతికి వచ్చింది. పనివాళ్ళంతా అతన్ని అల్లుడుగారు అనే పిలిచేవారు. మెత్తటి మనిషి. "అక్కా" అనకుండా మాట మొదలుపెట్టేవాడు కాదు. చేతులకు తెల్లటి తొడుగులు వేసుకుని తిరిగేవాడు గానీ వాటితో పిల్లను ముట్టుకోగా ఎవరూ చూడలేదు.

మూడేళ్ళ కిందట అల్లుడుగారు కొత్త జాతి తెచ్చాడు. ఎర్ర పుంజులు, తెల్ల పెట్టలు. వాటి పిల్లలు మొదటిసారి పొదిగి బయటకు వచ్చినరోజు పనివాళ్ళందర్నీ పిలిచి ట్రే చూపించాడు. సగం పిల్లలు గోధుమరంగు, సగం తెల్లటివి.

"గోధుమరంగువన్నీ పెట్టలు, తెల్లవన్నీ పుంజులు. తిరగెయ్యక్కర్లేదు, నొక్కక్కర్లేదు. కళ్ళుంటే చాలు," అన్నాడు.

బల్బక్క నమ్మలేదు. ఒక ట్రే అంతా తిరగేసి చూసింది. ఒక్కటి కూడా తప్పలేదు. గోధుమరంగు పిల్ల ప్రతిదీ పెట్టే. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, ఆశ్చర్యం ఆపుకోలేక అందరికీ చెప్పింది. చెప్పేటప్పుడు ఆవిడకు సంతోషంగానే ఉంది. ఇక పెదవుల మీద పచ్చటి జిగురు పడదు కదా.

రెండు వారాల్లో ఆవిడతో పాటు పనిచేసే ఐదుగురు ఆడవాళ్ళను మాన్పించారు. రంగు చూసి వేరుచెయ్యడానికి పని తెలిసినవాళ్ళు ఎందుకు? బల్బక్కను మాత్రం ఉంచారు. గేటు దగ్గర ఐదుగురూ నిలబడి ఉండగా ఆవిడ లోపలికి నడిచి వెళ్ళింది. వాళ్ళలో ఒకామె, "నువ్వైనా ఉన్నావులే అక్కా," అంది. ఆ మాట చాలాకాలం ఒంటికి అంటుకున్నట్టే ఉండిపోయింది.

గోధుమరంగు పెట్టలకు గిరాకీ బాగా ఉండేది. ఇంటి వెనక పెంచుకునేవాళ్ళు, స్కూల్లో వంట చేసి రిటైరైనవాళ్ళు, చిన్న చిన్న సంఘాల ఆడవాళ్ళు, యాభై, వంద చొప్పున పట్టుకుపోయేవారు. బల్బక్క పీట మీదనుంచి లేచి బల్లల మధ్య తిరిగే మనిషైంది. మేస్త్రీ అనేవారు.

అలా రెండేళ్ళు గడిచాయి. ఒక ఉదయం ట్రేలు చూస్తూ, చేతులు ఊరికే ఉండలేక, ఒక గోధుమరంగు పిల్లను తీసి తిరగేసింది. అలవాటు అంతే. మిట్ట కనిపించింది.

కళ్ళు నలుపుకుని బల్బు కిందికి తీసుకెళ్ళింది. అనుమానం లేదు, పుంజే. ఇంకొకటి తీసింది. పెట్ట. ఇంకొకటి. పుంజు. వంద పిల్లల ట్రే మొత్తం చూసింది. యాభైరెండు పెట్టలు, నలభైఎనిమిది పుంజులు. అన్నీ గోధుమరంగువే, అన్నీ "పెట్టలు" అని ముద్రవేసిన పెట్టెల్లోకి వెళ్ళబోతున్నవే.

అల్లుడుగారి గదిలోకి వెళ్ళి చెప్పింది. అతను కుర్చీలోంచి లేచి, తనే ఫ్యాను వేశాడు.

"కూర్చో అక్కా. ఎన్నాళ్ళయింది నువ్వు పిల్లల్ని తిరగేసి?"

"రెండేళ్ళు."

"వయసెంత?"

"నలభైఏడు."

"చత్వారం వచ్చే వయసు. రంగు జాతిలో తప్పు జరగదక్కా. అది నువ్వూ నేనూ చేసేది కాదు, పుట్టుకలోనే ఉంది. నువ్వే కదా మొదటిరోజు ట్రే అంతా చూసి ఒప్పుకున్నావు?"

మాటలు తేనెలా ఉన్నాయి. ఆ తేనెలో ఏదో పడి చచ్చినట్టుగా కూడా ఉంది. అతను మాట్లాడుతున్నంతసేపూ ఒక తొడుగు తీసి మళ్ళీ వేసుకుంటూనే ఉన్నాడు. బల్బక్క బయటికి వచ్చేసింది. మర్నాడు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి పరీక్ష చేయించుకుంది. దగ్గరి చూపుకు అద్దాలు ఇచ్చాడు. ఎవరూ చూడకుండా ఆ అద్దాలు పెట్టుకుని మరో ట్రే చూసింది. ఈసారి పుంజులు ఇంకా స్పష్టంగా కనిపించాయి.

అయినా మూడు వారాలు నోరు విప్పలేదు. ఆ విషయం ఆవిడే తరువాత అందరితో చెప్పింది, దాచుకోలేదు. గేటు బయట నిలబడ్డ ఐదుగురూ కళ్ళ ముందు మెదిలేవారు. తనూ ఆ వరసలో నిలబడవలసి వస్తుందని భయం. రోజూ పెట్టెలు బండెక్కుతుంటే చూస్తూ నిలబడేది. ఇంటికి వెళ్ళి మూడోసారి కూడా సబ్బు రాసుకునేది.

పొదిగించే గుడ్లు పెట్టే తల్లి కోళ్ళ షెడ్డు కాపలాదారు, అందరూ షెడ్డుతాత అని పిలిచే మనిషి, ఒకరోజు టీ తాగుతూ మాటవరసకు ఒక సంగతి అన్నాడు. తల్లి కోళ్ళ షెడ్డులోకి వేరేవాళ్ళను రానివ్వరు, జబ్బులు పాకుతాయని. అందుకని అక్కడ ఏముందో అతనికి తప్ప ఎవరికీ తెలియదు.

"ఈ ఏడాది మావాళ్ళు తిరగబడ్డారమ్మా. ఇదివరకు పుంజులు ఎర్రగా, పెట్టలు తెల్లగా ఉండేవి. ఇప్పుడు పుంజులు తెల్లవి, పెట్టలు గోధుమరంగువి. గుడ్లు మాత్రం అలాగే పెడుతున్నాయిలే."

"ఎక్కడినుంచి తెచ్చారు తాతా, కొత్తవి?"

"తేవడమెందుకు? మన పిల్లలే. పోయినేడు మన ట్రేల్లోంచే తీసి పెంచమన్నాడు అల్లుడుగారు. ఊరికే బయట కొనడం దేనికి అన్నాడు."

బల్బక్కకు ఏదో తట్టింది గానీ అది ఏమిటో మాటల్లో పెట్టలేకపోయింది. ఇంటికి వెళ్ళి కూతుర్ని అడిగింది. కూతురు డిగ్రీ రెండో ఏడు, చదివేది జీవశాస్త్రం. "లింగ సహలగ్న అనువంశికత" అంది ఆ పిల్ల. నానమ్మ వెంటనే, "ఆ మాట అనడానికి నీకు మూడు పళ్ళు ఎక్కువుండాలే," అంది.

బల్బక్క భర్త దర్జీ. ముందుగదిలోనే మిషను, దాని పక్కన గుండీల డబ్బా, హుక్కుల డబ్బా. కూతురు ఆ రెండూ తెచ్చి నేల మీద కూర్చుంది.

"చూడమ్మా. ఇది నాన్న పుంజు. దాని దగ్గర రెండు గుండీలున్నాయి, రెండూ గోధుమరంగువే, పెద్దయ్యాక ఎర్రగా కనిపించేది ఆ రంగే. ఇది అమ్మ పెట్ట. దాని దగ్గర ఒక తెల్ల గుండీ, ఒక హుక్కు. రంగు గుండీలోనే ఉంటుంది. హుక్కులో రంగు ఉండదు."

"సరే."

"పుట్టే పిల్లకి ఇద్దరూ తలా ఒకటి ఇస్తారు. నాన్న ఎవరికైనా గోధుమరంగు గుండీయే ఇస్తాడు, వేరేది లేదు కాబట్టి. అమ్మ తెల్ల గుండీ ఇచ్చిందనుకో, పిల్ల పుంజవుతుంది. దాని దగ్గర తెల్లది, గోధుమది రెండూ ఉంటాయి. తెల్లది గోధుమదాన్ని కప్పేస్తుంది. పిల్ల తెల్లగా కనిపిస్తుంది. అమ్మ హుక్కు ఇచ్చిందనుకో, పెట్ట పుడుతుంది. దానికి ఉన్నది నాన్న ఇచ్చిన గుండీ ఒక్కటే. అందుకని గోధుమరంగు."

"కూతుళ్ళకి తండ్రి రంగు, కొడుకులకి తల్లి రంగు," అంది బల్బక్క.

"అంతే. కానీ అది ఆ జంటకే. వాటి పిల్లల్ని మళ్ళీ జత కడితే చూడు." తెల్ల గుండీ, గోధుమ గుండీ ఒక పక్క పెట్టింది. గోధుమ గుండీ, హుక్కు ఇంకో పక్క పెట్టింది. "ఈ నాన్న సగంమందికి తెల్లది ఇస్తాడు, సగంమందికి గోధుమది ఇస్తాడు. అమ్మ సగంమందికి గోధుమ గుండీ, సగంమందికి హుక్కు. ఇప్పుడు నువ్వే కలుపు."

బల్బక్క కూర్చుని కలిపింది. తెల్లదీ గోధుమదీ కలిస్తే తెల్ల పుంజు. గోధుమదీ గోధుమదీ కలిస్తే గోధుమరంగు పుంజు. తెల్లదీ హుక్కూ కలిస్తే తెల్ల పెట్ట. గోధుమదీ హుక్కూ కలిస్తే గోధుమరంగు పెట్ట. నాలుగు రకాలూ నేల మీద సమంగా నిలిచాయి. రంగు చూసి చెప్పగలిగింది ఏమీ మిగల్లేదు.

అత్తగారు మంచం మీదనుంచి వంగి చూస్తోంది. "మనుషులకీ ఇంతేనా?"

"మనుషుల్లో తిరగేసి నానమ్మా. ఆడవాళ్ళకి రెండు గుండీలు, హుక్కు మగవాళ్ళ దగ్గర ఉంటుంది. మామయ్యకి ఎరుపూ పచ్చా తేడా తెలియదు కదా, డ్రైవరు ఉద్యోగం రాలేదని గొడవైంది చూడు. అది తాతయ్యనుంచి రాలేదు. తాతయ్య ఇచ్చింది హుక్కు. మామయ్యకి ఉన్న ఒక్క గుండీ అమ్మమ్మ ఇచ్చిందే. అందులో ఆ లోపం ఉంది. అమ్మమ్మకి రెండోది బాగుంది కాబట్టి ఆవిడకి ఏమీ కాలేదు."

"అయితే దోషం వియ్యపురాలిదన్నమాట," అంది ముసలావిడ కాస్త హుషారుగా.

"దోషం కాదు. ఆవిడకి తెలియను కూడా తెలియదు. అమ్మకి కూడా వచ్చి ఉండొచ్చు."

ముసలావిడ వంగి ఒక హుక్కు చేతిలోకి తీసుకుంది. "హుక్కు మగవాడి దగ్గరుంటే, పుట్టేది ఆడపిల్లో మగపిల్లాడో తేల్చేది కూడా…" అని ఆగి కొడుకు వైపు చూసింది. ఒక్క ఆడపిల్లతో సరిపెట్టిందని కోడల్ని ఇరవయ్యేళ్ళు దెప్పిన మనిషి ఆవిడ. దర్జీ మిషను మీద తల ఇంకా వంచుకుని, "మా దగ్గర హుక్కులకి కొదవలేదే," అన్నాడు. అందరూ నవ్వారు. బల్బక్క కూడా నవ్వబోయి, చేతిలో ఉన్న తెల్ల గుండీ, హుక్కు చూసి ఆగిపోయింది.

తెల్ల పెట్ట. తెల్లవన్నీ డ్రమ్ములోకి పోతున్నాయి కదా.

మర్నాడు పొద్దున హేచరీకి వెళ్ళి, ఇన్నేళ్ళలో మొదటిసారి మెడ ఎడమవైపు తిప్పి, డ్రమ్ము మూత ఎత్తింది. వెచ్చటి ఆవిరి మొహాన కొట్టింది. తడిసిన ఈకలు, పచ్చటి జిగురు, విరిగిన మెడలు, వాటి మధ్య ఇంకా కదులుతున్న ముక్కులు. పక్కకు వెళ్ళి గోడ పట్టుకుని నిలబడి, మళ్ళీ వచ్చి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. ఒక్కొక్కటే తీసి, తుడిచి, బల్బు కింద తిరగేసింది. చచ్చినవాటినీ చూసింది, బతికినవాటినీ చూసింది. అరవై పిల్లల్లో ముప్ఫైఒకటి పెట్టలు. పుంజుల్ని పెట్టలని అమ్ముతున్నారు, పెట్టల్ని పుంజులని చంపుతున్నారు. అంతకంటే ఆవిడకు రోత పుట్టించింది ఇంకొకటి ఉంది. ఇందులో ఎవరికీ లాభం కూడా సరిగ్గా లేదు. ఒక్కసారి తిరగేసి చూస్తే చాలు ఇదంతా తెలిసేది. ఆ ఒక్క పనీ చెయ్యబుద్ధి కాలేదు అతనికి, చేతులకు మురికి అంటుతుందని.

ఆ గొడవ తనంతట తనే గేటు దగ్గరికి వచ్చింది. అదే వారంలో, స్కూల్లో వంటచేసి రిటైరైన ఒకావిడ ఆటోలో నాలుగు గంపలతో దిగింది. ఆమె వెనకే ఇంకో పదిమంది. గంపల్లో మూడు నెలల గోధుమరంగు కోళ్ళు, ఎర్రటి జుట్లు నిక్కబొడుచుకుని, ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి.

"పెట్టలన్నారు కదా బాబూ," అంది వంటావిడ, అరవకుండానే. "తెల్లారకుండానే కూస్తున్నాయి. వీధి వీధంతా లేచి నన్ను తిడుతోంది. వీటిచేత గుడ్లు ఎలా పెట్టించాలో మీరే చెప్పండి."

అల్లుడుగారు వరండాలోకి వచ్చి అందరికీ నమస్కారాలు పెట్టాడు. కుర్చీలు వేయించాడు. తరువాత బల్బక్కను లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది. పిల్లల్ని వేరుచేసే విభాగానికి బాధ్యురాలినైన నా పొరపాటువల్ల, చూపు మందగించినందువల్ల, పెట్టెలు తారుమారయ్యాయి అని టైపుచేసి ఉంది.

"ఊరికే ఒక సంతకం అక్కా. నీ ఉద్యోగానికి వచ్చిన నష్టమేమీ లేదు. వాళ్ళ కోపం చల్లారడానికి. కళ్ళద్దాలు ఎలాగూ తీసుకున్నావు కదా, నమ్ముతారు."

"నా కళ్ళద్దాల సంగతి మీకెలా తెలుసు?"

అతను నవ్వాడు. ఆ నవ్వు చూస్తే, పిల్ల పొట్ట నొక్కినప్పుడు చేతిమీద పడే జిగురు గుర్తొచ్చిందని బల్బక్క తరువాత చెప్పింది.

"తల్లి కోళ్ళు మార్చారు. తెల్ల పుంజుల్ని, గోధుమ పెట్టల్ని జత కట్టారు. ఇక రంగు ఎందుకు పనికొస్తుంది?"

అల్లుడుగారు కాగితం ఇంకొంచెం ముందుకు జరిపాడు. "పుట్టుకలో ఉన్న గుణం ఎక్కడికి పోతుంది? తండ్రికి పని చేసింది కొడుక్కి చెయ్యదా?" అన్నాడు. అది వింటే ఆవిడకు అర్థమైంది. మోసం చేస్తున్నానని కూడా అతనికి మొదట్లో తెలియదు. తెలిసినరోజున ఆపలేదు, అంతే.

"పెద్దాయన్ని పిలవండి. ఆయన వచ్చి చూసి, నాదే పొరపాటంటే అప్పుడు పెడతాను సంతకం."

పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చాడు. పాత పీట మీద కూర్చోబెట్టి బల్బు వేశారు. బల్బక్క ఆ రోజు వచ్చిన గోధుమరంగు ట్రే ఒకటి పెట్టింది, పక్కన డ్రమ్ములోంచి తీసిన తెల్లవాటిని గంపలో పెట్టింది. వంటావిడ, ఇంకో ఇద్దరు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. పెద్దాయన వేళ్ళు పని మరిచిపోలేదు. ఒకటి, రెండు, మూడు తిరగేశాడు. గోధుమరంగువి పది చూసి ఆరు ఎడమవైపు వేశాడు. తెల్లవి పది చూసి ఐదు కుడివైపు వేశాడు. అక్కడితో ఆగిపోయాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

బల్బక్క ఆయన నోటివైపు చూస్తూ నిలబడింది. ఈ చేతులతో తనకు పని నేర్పిన మనిషి, ఒక్క పిల్ల తప్పితే ట్రే అంతా మళ్ళీ చూడమన్న మనిషి. ఆయన కర్ర ఊతతో లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, వేరుచెయ్యడంలో కొంచెం పొరపాటు జరిగింది. మా పనివాళ్ళ తప్పు మా తప్పే. అందరికీ మళ్ళీ పిల్లల్ని ఇస్తాం."

మళ్ళీ వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి, "ఇంటి పరువమ్మా. కూతురి కాపురం. అర్థం చేసుకో," అన్నాడు బల్బక్కతో.

అల్లుడి మీద ఆవిడకు అంత కోపం రాలేదు. అతను అంతేలే అనుకుంది. పెద్దాయన మాట చెవిన పడగానే మాత్రం ఒళ్ళంతా ఏదో పాకినట్టయింది. ఆవిడ ఏప్రాను ముడి విప్పింది. దాన్ని మడత పెట్టలేదు, డ్రమ్ము మూత మీద పడేసి గుమ్మం దాటి వరండాలోకి వెళ్ళింది.

"పనివాళ్ళ తప్పు కాదండీ," అంది గట్టిగా. "తల్లి కోళ్ళ జతే తప్పు. ఇంట్లో పుట్టిన పిల్లల్నే మళ్ళీ జత కట్టారు. ఆ పిల్లల రంగు చూసి ఏది పెట్టో ఏది పుంజో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. మళ్ళీ ఇస్తామంటున్న పిల్లలు కూడా అవే. తీసుకోకండి. నాకు మూడు వారాల కిందటే తెలుసు. చెప్పలేదు. అది నా తప్పు."

వంటావిడ ఆమె వైపు తేరిపార చూసి, "మూడు వారాలా?" అంది.

"మూడు వారాలు."

"నేను రెండోసారి యాభై పట్టుకెళ్ళింది పది రోజుల కిందట."

వంటావిడ గంపలు వరండాలో బోర్లించి, పుంజులన్నిటినీ అక్కడే వదిలేసి ఆటో ఎక్కింది. అవి అల్లుడుగారి గదిలోకి జొరబడి, బల్ల మీదికెక్కి, ఆ టైపు కాగితం మీద రెట్ట వేశాయి. షెడ్డుతాత వాటిని తోలడానికి ఏమంత తొందరపడలేదు.

తరువాత పశువుల ఆఫీసుకు అర్జీ వెళ్ళింది. ఒక అధికారి వచ్చి, తల్లి కోళ్ళ షెడ్డు చూసి, ఆరు నెలలు అమ్మకం ఆపించాడు. హేచరీ మూతపడలేదు. బయటినుంచి మళ్ళీ ఎర్ర పుంజులు, తెల్ల పెట్టలు వచ్చాయి, రంగు మళ్ళీ నిజం చెప్పడం మొదలుపెట్టింది, తెల్లవి మళ్ళీ డ్రమ్ములోకి పోతున్నాయి. అల్లుడుగారు ఇంకో చోట దాణా దుకాణం తెరిచాడు. బాగానే నడుస్తోందట.

బల్బక్క చుట్టుపక్కల ఉన్న మూడు హేచరీల్లో పని అడిగింది. మూడుచోట్లా "నీ పని గొప్పదే, నోరే పెద్దది" అన్నారు. మూడోచోట అడగడానికి వెళ్ళినప్పుడు గొట్టం, డ్రమ్ము చూసి, వాళ్ళు రమ్మన్నా తను ఉండలేనని తెలిసిపోయింది. ఇప్పుడు పప్పులు ఆడించే మిల్లులో, యంత్రం వదిలేసిన రాళ్ళు ఏరే పనిలో ఉంది. అక్కడ ఆవిణ్ణి ఆ పేరుతో ఎవరూ పిలవరు. చేతులకు దుమ్ము తప్ప ఏమీ అంటదు. మాన్పించేసిన ఐదుగురిలో ఇద్దరు కూడా అక్కడే చేరారు, ఆవిడే మాట్లాడి చేర్చింది.

ఒకసారి వంటావిడ ఇంటికి వెళ్ళింది. క్షమించమని అడగడానికి కాదు, ఆ రెండోసారి తెచ్చిన యాభై పిల్లల్నీ చూసిపెట్టడానికి. పెరట్లో ముక్కాలిపీట వేసుకుని, ఎదిగిన పిల్లల్ని జుట్టు చూసి, కాళ్ళు చూసి వేరుచేసింది. ఇరవైమూడు పెట్టలు తేలాయి. వంటావిడ వాటిని ఒక పక్కకు తోలుకుంటూ, "పుంజుల్ని ఏం చెయ్యమంటావు?" అంది.

"పెంచగలిగితే పెంచండి. నన్ను మాత్రం ఏమీ చెయ్యమనకండి."

వంటావిడ నీళ్ళు, సబ్బు తెచ్చి ఇచ్చింది. బల్బక్క చేతులు ఒక్కసారే కడుక్కుని, అక్కడే టీ తాగి బస్సెక్కింది.